ప్రపంచాన్ని చదివే డిగ్రీ

2018 నవంబరులో ఉత్తరాంధ్ర మత్స్యకారులు కొందరు గుజరాత్ తీరంలో వేటాడుతూ పాకిస్తాన్ సముద్ర భద్రతా దళానికి చిక్కారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల నుంచి వెరావల్ దాకా వెళ్లి, అక్కడి బోట్ల మీద పనిచేసే కలాసీలు వాళ్లు. ఏడాదికి పైగా కరాచీ జైల్లో గడిపాక, వాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర సరిహద్దు దాటి ఇంటిముఖం పట్టారు. తర్వాత సినిమాగానూ వచ్చింది కాబట్టి ఈ సంగతి తెలియని తెలుగువారు తక్కువ. అయితే వాళ్లెందుకు పట్టుబడ్డారు, విడుదలకు అంతకాలం ఎందుకు పట్టింది అని అడిగితే జవాబు ఒక్కచోట దొరకదు. గుజరాత్, సింధ్‌ల నడుమనున్న సర్ క్రీక్ పాయ దగ్గర రెండు దేశాల సరిహద్దు తేలలేదు, అక్కడి నుంచి సముద్రంలోకి గీయాల్సిన గీతా తేలలేదు. అలాంటి చోట 1982 నాటి సముద్ర చట్టాల ఒప్పందం ఏం చెబుతుందో చూడాలి. ఖైదీల జాబితాలను ఏటా జనవరి 1న, జులై 1న ఇచ్చిపుచ్చుకోవాలన్న 2008 నాటి భారత్-పాక్ ఒప్పందం ఒకటుంది. 2019 ఆగస్టులో జమ్మూకశ్మీర్ ప్రత్యేక ప్రతిపత్తి రద్దయ్యాక పాకిస్తాన్ దౌత్య సంబంధాల స్థాయిని తగ్గించింది. వీటన్నిటికంటే ముందు, మన తీరం మనిషి బతుకుదెరువు కోసం దేశం ఆ చివరి దాకా ఎందుకు పోవాల్సి వచ్చిందన్న ప్రశ్న ఉంది.

చట్టం, భూగోళం, దౌత్యం, చరిత్ర, ఆర్థికం. వీటిని విడివిడి గదుల్లో కాక కలిపి నేర్పాలన్నది అంతర్జాతీయ అధ్యయనాల డిగ్రీ పెట్టుకున్న పని. ఇంటర్ అయ్యాక పిల్ల ఈ డిగ్రీలో చేరతానంటే ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న, "అది చదివితే ఏమొస్తుంది?" రెండోది, "ఐఎఫ్ఎస్ కోసమా?" రెండూ న్యాయమైన ప్రశ్నలే. కానీ వాటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఆ మూడు నాలుగేళ్లలో ఒక పరాయి భాష, ఒక పరాయి ప్రాంతం ఆ విద్యార్థికి గట్టిగా పట్టుబడతాయా? పట్టుబడితే ఈ డిగ్రీ ఎన్నో ఇంజినీరింగ్ డిగ్రీలకంటే విలువైనదని నేను నమ్ముతాను. పట్టుబడకపోతే మిగిలేది రోజూ పేపరు చదివేవారికి ఉండే పరిజ్ఞానమే.

ఈ శాస్త్రానికి వయసు నూరేళ్లు దాటింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1919లో, వేల్స్‌లోని అబరిస్ట్‌విత్ అనే చిన్న సముద్రతీర పట్టణంలో అంతర్జాతీయ రాజకీయాలకు ప్రపంచంలోనే మొదటి ఆచార్య పీఠం వెలిసింది. డేవిడ్ డేవిస్ అనే ధనిక పార్లమెంటు సభ్యుడు, ఆయన చెల్లెళ్లు గ్వెండొలిన్, మార్గరెట్ కలిసి 20,000 పౌండ్లు ఇచ్చారు. పీఠానికి అమెరికా అధ్యక్షుడు వుడ్రో విల్సన్ పేరు పెట్టారు. యుద్ధం ఎందుకొస్తుందో జనం చదువుకుంటే మరో యుద్ధాన్ని ఆపగలరన్నది దాతల ఆశ. అదే ఏడాది వాషింగ్టన్‌లోని జార్జిటౌన్ విశ్వవిద్యాలయం విదేశీ సేవల పాఠశాల తెరిచింది. ఇరవై ఏళ్లకు, విల్సన్ పేరున్న ఆ పీఠంలోనే కూర్చుని ఇ.హెచ్. కార్ విల్సన్ తరహా ఆశాభావాన్ని దులిపేస్తూ పుస్తకం రాశాడు. 1939లో అది వెలువడేసరికి రెండో యుద్ధం మొదలైంది. తన పునాదినే నిలదీసే ఈ అలవాటు ఆ శాస్త్రానికి అప్పటి నుంచీ ఉంది. చదవబోయేవారికి నేను మొదట చెప్పదలచిన మంచిమాట ఇదే.

ఆ పునాదిలో చీకటి కోణమూ ఉంది. అమెరికాలో విదేశాంగ చర్చకు పెద్ద వేదికగా పేరుపడిన 'ఫారిన్ అఫైర్స్' పత్రిక వంశవృక్షాన్ని వెనక్కి తిరగేస్తే, 1910లో మొదలైన 'జర్నల్ ఆఫ్ రేస్ డెవలప్‌మెంట్' దగ్గర తేలుతుంది. జాతుల అభివృద్ధి అన్న పేరుతో ఏ జాతి ఏ జాతిని ఏలాలన్న చర్చ కూడా అందులో సాగింది. వలసలను ఎలా నడపాలన్న ఆలోచనే ఈ శాస్త్రపు తొలి సరుకులో పెద్ద భాగమని రాబర్ట్ విటాలిస్ వంటివారు పత్రాలు ముందుపెట్టి చూపించారు. ఇక మనవైపు నుంచి, సరిగ్గా ఆ 1919లోనే, బినయ్ కుమార్ సర్కార్ అనే బెంగాలీ పండితుడు హిందువుల అంతర్జాతీయ సంబంధాల సిద్ధాంతం మీద అమెరికన్ రాజనీతిశాస్త్ర పత్రికలో వ్యాసం ప్రచురించాడు. కౌటిల్యుడి అర్థశాస్త్రాన్ని మైసూరులో శామశాస్త్రి అచ్చువేయించి అప్పటికి పదేళ్లే అయింది. ఇది ఎంతమంది విద్యార్థులకు తెలుసు? మన సిలబస్‌లో కౌటిల్యుడు మొదటి యూనిట్‌లో ఒక పేరాగా వచ్చి వెళ్లిపోతాడు. పొరుగు రాజ్యాన్ని శత్రువుగా, దాని అవతలి రాజ్యాన్ని మిత్రుడిగా చూసే ఆయన మండల సిద్ధాంతంతో ఇవాళ్టి దక్షిణాసియాను చదివి చూడమనే అసైన్‌మెంట్ అరుదు. పాశ్చాత్యేతర సిద్ధాంతం ఎందుకు లేదని అమితావ్ ఆచార్య, బ్యారీ బుజాన్ 2007లో వేసిన ప్రశ్న ప్రపంచమంతా చర్చకొచ్చింది. దానికి జవాబు వెతికే పని మన డిగ్రీ తరగతిలో మొదలైతే ఎంత బాగుండును!

భారతదేశంలో ఈ చదువు మొదలైన తీరు గమనించదగినది. స్వాతంత్ర్యానికి ముందే, 1943లో, ఢిల్లీలో ప్రపంచ వ్యవహారాల భారత మండలి ఏర్పడింది. 1947 వసంతంలో అది జరిపిన ఆసియా సంబంధాల మహాసభకు అధ్యక్షత వహించింది హైదరాబాదు ఇంటి ఆడబడుచు సరోజినీ నాయుడు. ఆ మండలి నీడలో, సప్రూ హౌస్‌లో, 1955లో ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ పుట్టింది. 1970లో అది జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం (జేఎన్‌యూ)లో కలిసింది. మరోవైపు కలకత్తాలో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం 1956లో అంతర్జాతీయ సంబంధాల శాఖ తెరిచింది. డిగ్రీ స్థాయిలో కూడా ఈ విషయాన్ని ఆనర్స్‌గా నేర్పే ప్రభుత్వ విశ్వవిద్యాలయం అదొక్కటే చాలాకాలం గుర్తుకొచ్చేది. మిగతా దేశమంతా ఢిల్లీ బాట పట్టింది. అంటే ఇది ఎం.ఏ.లో, పీహెచ్.డీ.లో చదవాల్సిన విషయమని తీర్మానించింది. డిగ్రీ విద్యార్థికి రాజనీతిశాస్త్రంలో ఒక పేపరు చాలనుకుంది. మన రాష్ట్రాల్లో బి.ఏ. హెచ్ఈపీ (చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం) చదివినవారికి తెలిసిన 'అంతర్జాతీయ సంబంధాలు' ఆ ఒక్క పేపరే.

ఈ తీర్మానం పూర్తిగా తప్పని అనలేను. పద్దెనిమిదేళ్ల వయసులో చరిత్ర, ఆర్థికశాస్త్రం గట్టిగా రాకుండా దేశాల మధ్య రాజకీయం చదివితే అది గాలిలో మేడ అవుతుందన్న భయం నిజమైనదే. కానీ దానివల్ల జరిగిన నష్టం చూడండి. జేఎన్‌యూలో చైనీస్, జపనీస్, కొరియన్, రష్యన్, అరబిక్, పర్షియన్, స్పానిష్ వంటి భాషలు డిగ్రీ స్థాయి నుంచే నేర్పుతారు. అంతర్జాతీయ రాజకీయాలు ఎం.ఏ.లో నేర్పుతారు. రెండూ ఒకే ఆవరణలో ఉన్నా వేర్వేరు స్కూళ్లు. హైదరాబాదులోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లోనూ అరబిక్, ఫ్రెంచ్, జర్మన్, జపనీస్, రష్యన్, స్పానిష్ భాషల్లో బి.ఏ. ఉంది. అక్కడ విద్యార్థి భాషను, సాహిత్యాన్ని చదువుతాడు. ఆ భాష మాట్లాడే దేశాల చమురు, సైన్యం, వలస చట్టాలు వేరేచోట, వేరే విద్యార్థి, ఇంగ్లిషులో చదువుతాడు. భాష వచ్చినవాడికి రాజకీయం రాదు, రాజకీయం వచ్చినవాడికి భాష రాదు. లైడెన్ విశ్వవిద్యాలయం హేగ్‌లో నడిపే ఇంటర్నేషనల్ స్టడీస్ బి.ఏ. ఈ రెంటినీ ముడివేసింది. అక్కడ చేరినవారు ఒక ప్రాంతాన్ని ఎంచుకుని, ఆ ప్రాంతపు భాష నేర్చుకుంటూనే దాని చరిత్ర, రాజకీయం, ఆర్థికం చదవాలి. ఐరోపా బయటివారికి అక్కడి ఫీజు బరువే. ఆ నమూనా మాత్రం మనం ఉచితంగా తెచ్చుకోవచ్చు.

మంచి తరగతిలో ఏం నేర్పుతారో ఒక ఉదాహరణతో చెబుతాను. భీమవరం పిల్లలకు పరిచయం చేయనక్కర్లేనిది, రొయ్య. 1989లో అమెరికా ఒక చట్టం చేసింది. సముద్రంలో రొయ్యలు పట్టే వలల్లో తాబేళ్లు తప్పించుకునే పరికరం వాడని దేశాల సరుకు తమకు అక్కర్లేదంది. భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థ దగ్గర ఫిర్యాదు చేశాయి. ఇతరచోట్ల ఎంత పగ ఉన్నా భారత్, పాకిస్తాన్ ఇక్కడ ఒకవైపు నిలబడటం గమనించాలి. 1998లో అప్పీలు ధర్మాసనం ఇచ్చిన తీర్పు సున్నితమైనది. తాబేళ్లను కాపాడాలన్న ఉద్దేశం చెల్లుతుంది, అమలు చేసిన పద్ధతి మాత్రం వివక్షతో ఉంది అంది. వాణిజ్యానికీ పర్యావరణానికీ నడుమ గీత ఎక్కడో చెప్పే తీర్పుల్లో ఇప్పటికీ దీన్నే ముందు పాఠంగా చెబుతారు. ఆ చట్టం సముద్రపు రొయ్యల గురించి. చెరువు రొయ్యల కథ వేరు. 2005 నుంచి అమెరికా వాటి మీద యాంటీ డంపింగ్ సుంకం వేస్తూ వచ్చింది. 2025 ఆగస్టులో భారత సరుకుల మీద అదనపు సుంకం 50 శాతానికి చేరినప్పుడు గోదావరి, కృష్ణా జిల్లాల చెరువు గట్ల మీద ధర పడిపోతుందన్న దిగులు అలముకుంది. ఇప్పుడు ఫిర్యాదు చేద్దామన్నా, కొత్త సభ్యుల నియామకానికి అమెరికా అడ్డుపడటంతో 2019 డిసెంబరు నుంచి ఆ అప్పీలు ధర్మాసనమే పనిచేయడం లేదు.

ఈ ఒక్క కేసులో సిద్ధాంతాలన్నీ ప్రాణం పోసుకుంటాయి. బలమున్నవాడి మాటే చెల్లుతుందనే వాస్తవికవాది 2025ను చూపిస్తాడు. సంస్థలు, నియమాలు బలవంతుణ్ణి కూడా కట్టడి చేస్తాయనే ఉదారవాది 1998ను చూపిస్తాడు. తాబేలును కాపాడటం దేశాల బాధ్యత అన్న భావన అసలు ఎక్కణ్నుంచి వచ్చిందని నిర్మాణవాది అడుగుతాడు. మోర్గెంథో, వాల్ట్జ్, కియోహేన్, వెండ్ట్ వంటి సిద్ధాంతకర్తల పేర్లను, పుస్తకాల సంవత్సరాలను బట్టీ పట్టించే తరగతిలో ఇవేవీ కనబడవు. సిద్ధాంతం కష్టమని విద్యార్థులు అంటుంటారు. నా ఉద్దేశంలో కష్టం సిద్ధాంతంలో లేదు, దాన్ని దేనికీ ఆన్చకుండా చెప్పడంలో ఉంది.

ఇంకా దగ్గరి పాఠం హైదరాబాదుది. 1947 నవంబరు 29న నిజాం, భారత ప్రభుత్వం యథాతథ ఒప్పందం చేసుకున్నారు. 1948 ఆగస్టు 21న హైదరాబాదు ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు పంపింది. సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. 16న ప్యారిస్‌లో మండలి ఆ ఫిర్యాదును చర్చకు తీసుకునే సమయానికి యుద్ధం దాదాపు ముగిసిపోయింది. సమితిలో సభ్యత్వం లేని దేశం కూడా వివాదాన్ని మండలి ముందుకు తేవచ్చని సమితి నియమావళి 35వ అధికరణం అంటుంది. అయితే హైదరాబాదు అసలు దేశమేనా? కాదు, కాబట్టి ఆ హక్కే లేదని భారత్ వాదించింది. నిజాం ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు చెప్పాక కూడా ఆ అంశం మండలి జాబితాలో చాలాకాలం ఉండిపోయింది. సార్వభౌమత్వం అంటే ఏమిటి, ఒక భూభాగానికి దేశమనే గుర్తింపు ఎవరిస్తారు, తుపాకీ ముందా చట్టం ముందా అన్న ప్రశ్నలన్నీ మన ఊరి చరిత్రలోనే ఉన్నాయి. మండలి సమావేశాల పత్రాలు ఎవరైనా చదవగలిగేలా అందుబాటులో ఉన్నాయి. హైదరాబాదు లొంగిపోయిన సెప్టెంబరు 17ను ఏ పేరుతో పిలవాలని ఏటా వాదించుకుంటాం. ఆ పత్రాలను డిగ్రీ తరగతిలో పంచి చదివించే కాలేజీ ఒక్కటి ఉన్నా నేను వెళ్లి వెనక బెంచీలో కూర్చుంటాను.

గత పదిహేనేళ్లలో ప్రైవేటు విశ్వవిద్యాలయాలు ఈ ఖాళీలోకి వచ్చాయి. హర్యానాలోని సోనీపత్‌లో జిందల్, అశోకా వంటివి అంతర్జాతీయ వ్యవహారాలను డిగ్రీ స్థాయిలో నేర్పుతున్నాయి. అధ్యాపకులు మంచివారు, తరగతులు చిన్నవి, చర్చ ఎక్కువ. ఫీజు ఏడాదికి లక్షల్లో ఉంటుంది. స్కాలర్‌షిప్ రాకపోతే మామూలు జీతంతో నడిచే ఇల్లు మోయలేదు. అప్పు చేసి చేరాలనుకునే కుటుంబానికి నా సలహా స్పష్టం: వద్దు. ఈ చదువుకు మొదటి ఉద్యోగంలో వచ్చే జీతం ఆ అప్పు వడ్డీకి సరితూగదు, పైగా ఎక్కువమంది దీని మీద ఎం.ఏ. కూడా చేయాల్సి వస్తుంది.

ఉద్యోగాల సంగతి దాపరికం లేకుండా చెప్పుకోవాలి. విదేశాంగ సేవ (ఐఎఫ్ఎస్)కు ఈ డిగ్రీ అర్హతా కాదు, అడ్డూ కాదు. ఏ డిగ్రీ ఉన్నా సివిల్స్ రాయవచ్చు. ఇంజినీర్లు, డాక్టర్లు ఎందరో రాయబారులయ్యారు. ఏటా తీసుకునేది కొన్ని పదుల మందిని. మెయిన్స్, ఇంటర్వ్యూ కలిపి 2025 మార్కుల్లో రాజనీతిశాస్త్రం-అంతర్జాతీయ సంబంధాల ఐచ్ఛికానికి 500, జనరల్ స్టడీస్ రెండో పేపరులో కొంత భాగం. అంతవరకే ఈ చదువు నేరుగా పనికొస్తుంది. హైదరాబాదులో పెరిగిన సయ్యద్ అక్బరుద్దీన్ 2016 నుంచి 2020 దాకా ఐక్యరాజ్యసమితిలో భారత శాశ్వత ప్రతినిధిగా ఉండటం గర్వకారణమే. అయితే వేలమంది చేరే డిగ్రీకి ఆ ఒక్క తలుపే గమ్యమని చెప్పడం పిల్లలను మోసం చేయడమే. కోచింగ్ ప్రకటనలు ఆ మోసాన్ని రోజూ చేస్తున్నాయి. ఢిల్లీలోని పరిశోధన సంస్థలకు ఎం.ఏ. కావాలి, ఐక్యరాజ్యసమితిలో పోటీ ప్రపంచమంతటితో. ఎగుమతుల సంస్థలు, నౌకా రవాణా, ఆంక్షల జాబితాలు సరిచూసే బ్యాంకు విభాగాలు, పత్రికల విదేశీ డెస్కులు, వలస కార్మికుల సంఘాలు మాత్రం మనిషికోసం వెతుకుతాయి. వాళ్లు మోర్గెంథో గురించి అడగరు. కస్టమ్స్ కోడ్ చదవగలవా, అరబిక్ ఉత్తరం అర్థమవుతుందా, ఒప్పందం పాఠంలో ఏ మాటకు ఏ బాధ్యత ఉందో చెప్పగలవా అని అడుగుతారు.

అరబిక్ ప్రస్తావన ఊరికే తేలేదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతాల నుంచి దుబాయి, సౌదీకి, కడప, కోనసీమల నుంచి కువైట్‌కు దశాబ్దాలుగా మనవాళ్లు వెళ్తున్నారు. యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారలేని కఫాలా పద్ధతి, ఏజెంటు రాయించిన ఒప్పందం, పట్టుకుపోయిన పాస్‌పోర్టు, తిరిగి రావడానికి నెలలు పట్టే శవపేటిక. ఇవన్నీ అంతర్జాతీయ అధ్యయనాలే. వలస కార్మికులకు రక్షణ ఇవ్వాల్సిన మన చట్టం 1983 నాటిది. కేరళ తన వలసలను లెక్కపెట్టుకోవడం 1998లోనే మొదలుపెట్టింది. తిరువనంతపురంలోని అభివృద్ధి అధ్యయన కేంద్రం జరిపిన కేరళ వలస సర్వేలు ఎవరు వెళ్లారు, ఎవరు తిరిగొచ్చారు, ఎంత డబ్బు పంపారు అన్నది పదేపదే కొలిచాయి. అంతకు రెండేళ్ల ముందే, 1996లో, ఆ రాష్ట్రం ప్రవాసుల కోసం ప్రత్యేక శాఖ పెట్టుకుంది. మనకు అంత క్రమమైన సర్వే లేదు. దాన్ని చేయగలిగేవారిని తయారుచేసే డిగ్రీ కూడా లేదు. గల్ఫ్ నుంచి వచ్చే ప్రతి కష్టానికీ మనం ఎమ్మెల్యే ఫోను మీద, ఒక స్వచ్ఛంద కార్యకర్త వాట్సాప్ మీద ఆధారపడుతున్నాం.

అలాగని మన దగ్గర పునాది లేదనుకోవద్దు. ఉస్మానియా ఆవరణలో 1964లో అమెరికన్ అధ్యయనాల పరిశోధన కేంద్రం ఏర్పడింది. దాని గ్రంథాలయం కోసం దేశం నలుమూలల నుంచి పరిశోధకులు వచ్చేవారు. అదే విశ్వవిద్యాలయంలో హిందూ మహాసముద్ర అధ్యయనాలకు ఒక కేంద్రం ఉంది. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఆగ్నేయాసియా, పసిఫిక్ ప్రాంతాల అధ్యయనానికి కేంద్రం నడిపింది. తూర్పు నౌకాదళ ప్రధాన స్థావరం విశాఖలో ఉంది, మిలన్ విన్యాసాలకు పదుల దేశాల నౌకాదళాలు అక్కడికి వచ్చాయి. లుక్ ఈస్ట్ విధానాన్ని మొదలుపెట్టిన ప్రధాని పి.వి. నరసింహారావు ఎన్నో భాషలు నేర్చిన కరీంనగర్ మనిషి. ఇన్ని ఉన్నా ఆ కేంద్రాలన్నీ పరిశోధకుల కోసమే తలుపులు తెరిచాయి, డిగ్రీ పిల్లలకు వాటి పేర్లు కూడా తెలియలేదు. పరిశోధకులను అందించే డిగ్రీ కింద లేకుండా పైన కేంద్రాలు కట్టుకుంటే అవి ఎంతకాలమని నిలుస్తాయి?

తెలుగు మాధ్యమం విద్యార్థి పరిస్థితి మరీ ఇరుకు. తెలుగు అకాడమీ, అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం రాజనీతిశాస్త్ర పాఠ్యపుస్తకాలు తెచ్చి చేసిన మేలు చిన్నది కాదు. అయితే రష్యా-ఉక్రెయిన్ యుద్ధం, చిప్‌ల మీద ఆంక్షలు, వాతావరణ ఒప్పందాలు లోతుగా చదవాలంటే వాళ్లకు తెలుగులో ఆధారం దొరకడం కష్టం. ఆ ఖాళీని యూట్యూబ్ పటాలు నింపుతున్నాయి. ప్రతి వీడియోలోనూ మూడో ప్రపంచ యుద్ధం రేపే వస్తుంది. అయినా దారి మూసుకుపోలేదు. కొత్త విద్యావిధానం నాలుగేళ్ల డిగ్రీని, మేజర్-మైనర్ పద్ధతిని తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2023-24లో సింగిల్ మేజర్‌కు మారింది. రాజనీతిశాస్త్రం మేజర్‌గా, ఒక విదేశీ భాష మైనర్‌గా, నాలుగో ఏడు ఒక ప్రాంతం మీద ప్రాజెక్టుగా పెట్టడానికి ఈ చట్రంలో వీలుంది. కావాల్సింది అధ్యాపక నియామకాలు. అవి జరగనంతకాలం ఏ చట్రమైనా కాగితం మీదే ఉంటుంది.

అందాకా ఈ ఏడాది ఇంటర్ ముగిస్తున్నవారు ఎలా వెళ్లాలి? నా దృష్టిలో అన్నిటికంటే చవకైన, గట్టి దారి ఒకటుంది. ఇఫ్లూలోనో జేఎన్‌యూలోనో ఒక విదేశీ భాషలో బి.ఏ. చేయడం, దానితో పాటు సొంతంగా ఆర్థికశాస్త్రం, గణాంకాల మొదటి పాఠాలు చదువుకోవడం, ఆ తర్వాత పీజీ ప్రవేశ పరీక్ష రాసి అంతర్జాతీయ రాజకీయాల్లో ఎం.ఏ.కు వెళ్లడం. డిగ్రీలోనే ఆ విషయం చదవాలని మనసు గట్టిగా లాగితే జాదవ్‌పూర్ ప్రయత్నించవచ్చు, స్కాలర్‌షిప్ చేతికొస్తే సోనీపత్ కూడా. ఊళ్లో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ తప్ప గత్యంతరం లేనివారు హెచ్ఈపీలోనో రాజనీతిశాస్త్రం మేజర్‌లోనో చేరి, రెండో ఏడు నుంచి ఒక దేశాన్ని తమదిగా ఎంచుకోవాలి. ఎంచుకునేటప్పుడు అందరూ చూసే అమెరికాను కాస్త పక్కన పెట్టి, మన సరుకో మన మనిషో చేరే దేశాన్ని చూడాలి. కాకినాడ నుంచి బియ్యం ఓడలు వెళ్లే బెనిన్‌ను, కడప మనుషులు వెళ్లే కువైట్‌ను. దాని బడ్జెట్, దాని కార్మిక చట్టం, దానితో మన ఒప్పందాలు వరసగా చదివి, మూడేళ్లలో ఆ దేశం మీద ఇరవై పేజీల తెలుగు వ్యాసం రాయగలిగితే, ఏ ఇంటర్వ్యూలోనైనా బల్ల మీద పెట్టడానికి చేతిలో ఒక పని ఉంటుంది.